పంచనామాలో పసుపు

ఓంవీర్ త్యాగికి ఆ దయ్యం కథ కంఠతా వచ్చు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి గుటక మింగాలో అన్నీ కుదిరిపోయాయి. యూట్యూబ్ వాళ్లు ఇప్పటికి ఆరుగురు వచ్చి చెప్పించుకుని వెళ్లారు. ఏడో మనిషిగా వచ్చిన శేషగిరి మాత్రం కెమెరా తీయలేదు, భయపడలేదు, కనీసం ముందుకు వంగి కూడా వినలేదు. సోఫాలో వెనక్కి జారబడి, నొప్పెడుతున్న మోకాలిని అరచేత్తో రుద్దుకుంటూ గోడ గడియారం చూశాడు. పదకొండుంపావు.

"త్యాగీజీ, కథ చాలు. మీరు రాసిన కాగితం చూపించండి," అన్నాడు హిందీలో.

త్యాగి మొహం చిన్నబోయింది. ఢిల్లీ పోలీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి ఏఎస్సైగా రిటైరై, ఘాజియాబాద్‌లో రెండు గదుల ఫ్లాటులో కూర్చున్న మనిషి. చెప్పుకోవడానికి ఆయనకు మిగిలింది ఈ ఒక్క దయ్యమే. దాన్ని కూడా వద్దంటే కష్టంగా ఉండదూ?

"కాగితంలో ఏముంది సాహబ్? పాత పంచనామా, కార్బన్ కాపీ. అసలు సంగతి నేను కళ్లారా చూసింది..."

"కళ్లతో చూసింది తర్వాత. చేత్తో రాసింది ముందు."

త్యాగి సణుక్కుంటూ లోపలి గదిలోకి వెళ్లాడు. శేషగిరి కళ్లు మూసుకున్నాడు. ఈ వారంలో సరిగ్గా నిద్రపోయిన రోజు లేదు. మిలిటరీ పోలీసులో సుబేదారుగా రిటైరై, ఢిల్లీ మునిర్కాలో ఒక గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టి పదేళ్లయింది. వచ్చేవన్నీ పెళ్లి సంబంధాల వాకబులు. కుర్రాడు తాగుతాడా, అమ్మాయికి పాత స్నేహాలున్నాయా, ఇవే. విసుగొచ్చి బోర్డు పీకేద్దామనుకుంటున్న సమయంలో హరిత వచ్చింది.

హరిత కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"అంకుల్, మా అక్క హరిప్రియ. నైంటీ త్రీ ఫిబ్రవరి పన్నెండు, తెల్లవారుజామున ఇక్కడే కంటోన్మెంటు గుళ్లో పెళ్లయింది. ఆరు గంటలకల్లా మనిషి లేదు. లేచిపోయిందన్నారు. అప్పుడు నాకు ఆరేళ్లు. మా నాన్న ఆ అవమానంతోనే పోయారు. వచ్చే శుక్రవారం అమ్మకు గుండె ఆపరేషన్. లోపలికి వెళ్లేలోపు తనకు ఒక్కటే తెలియాలంటోంది. పెద్దది లేచిపోయిందా, చచ్చిపోయిందా? లేచిపోయుంటే తిట్టుకుంటుందట. చచ్చిపోయుంటే ఏడుస్తుందట. ముప్పై రెండేళ్లుగా రెండూ చెయ్యలేదు అంకుల్."

ఆమె చెప్పిన వివరాలు ఇవి. ముహూర్తం మూడూ నలభై ఎనిమిదికి. ఆరూ రెండులోపు కొత్త జంట వరుడి క్వార్టర్లో అడుగుపెట్టాలి, గృహప్రవేశం. నాలుగూ నలభైకి పెద్దవాళ్లంతా వ్యాన్‌లో ముందు వెళ్లారు. వ్యాన్ నడిపింది పెళ్లికూతురి మేనమామ సాయినాథ్, కంటోన్మెంటులో సివిల్ డ్రైవరు. పది నిమిషాల తర్వాత పెళ్లికొడుకు హవల్దార్ హరనాథ్ కొత్త పెళ్లాన్ని స్కూటర్ మీద ఎక్కించుకుని బయల్దేరాడు. దారిలో కల్వర్టు దగ్గర స్కూటర్ జారి కాలవలో పడిపోయాడు. కాలు విరిగింది, తలకు దెబ్బ తగిలింది. స్పృహ తప్పేముందు హరిప్రియ అన్నమాట ఒక్కటే అతనికి గుర్తుంది: "మీరు కదలకండి, నేను ఎవర్నైనా ఆపుతాను." ఈ మాట అతను ఎంతమందికి చెప్పినా నమ్మినవాడు లేడు. పెళ్లాన్ని చంపి కట్టుకథ అల్లాడని కొందరు, అతన్ని తోసేసి ఎవడితోనో పోయిందని కొందరు. అతను కుంటుకుంటూ సర్వీసు ముగించి, మళ్లీ పెళ్లి మాటెత్తకుండా ఊరికి పోయాడు.

శేషగిరి హరితకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోడ్డు మొదట్లో ఉన్న గేటు దగ్గర, ఆ రోజు ఉదయం అయిదింటికి డ్యూటీ ఎక్కిన మిలిటరీ పోలీసు నాయక్ తనే.

అప్పటి పాకెట్ బుక్ ట్రంకు పెట్టెలో అడుగున దొరికింది. తన చేతిరాతే. అయిదూ అయిదుకు పాల వ్యాను డ్రైవరు వచ్చి, తెల్లచీర కట్టిన ఆడది బండి ఆపమని పరిగెత్తిందని చెప్పాడు. అయిదుంపావుకు పేపర్లు వేసేవాడు సైకిలు పడేసి వచ్చి అదే మాట. అయిదున్నరకు లారీ డ్రైవరు, ఆవిడేవో మంత్రాలు చదువుతోందని కూడా చెప్పాడు. శేషగిరి మూడింటినీ రాసుకుని, పక్కన 'దయ్యం' అని రాసి నవ్వుకున్నాడు. పొగమంచు దట్టంగా ఉంది. టీ వేడిగా ఉంది. గేటు వదిలి పోబుద్ధి కాలేదు. ఆరూ ఇరవై అయిదుకు ఒక వ్యాను డ్రైవరు ఆగి, కల్వర్టు దగ్గర ఒక మనిషి పడి ఉన్నాడని చెబితే అంబులెన్సు పంపించాడు. మరో రెండు రోజులకు జమ్మూకి పోస్టింగ్ మీద వెళ్లిపోయాడు. అక్కడ పెళ్లి ఒకటి జరిగిందనీ, పెళ్లికూతురు పోయిందనీ వారం కిందట హరిత చెప్పేదాకా తెలియదు.

తను వెళ్లిపోయాక ఆ రోడ్డు పేరు మారిపోయింది. కాగితాల్లో ఏడో నంబరు లింకు రోడ్డు. జనం నోట్లో చుడైల్ రోడ్డు, ఆడదయ్యం రోడ్డు. తెల్లచీర కట్టిన విధవ పొగమంచులో చెయ్యి చాపుతుందట, ఆపకపోతే బండితో సమానంగా పరిగెడుతుందట, ఎవరికీ తెలియని భాషలో శపిస్తుందట.

త్యాగి ప్లాస్టిక్ కవరు తెచ్చి ఒళ్లో పెట్టాడు. శేషగిరి కళ్లజోడు సవరించుకున్నాడు. కార్బన్ అక్షరాలు నీలంగా అలికిపోయి ఉన్నాయి. తేదీ ఫిబ్రవరి పన్నెండు. శవం దొరికిన సమయం ఏడూ పది. చోటు, రైలు పట్టాల అవతల. అంటే కంటోన్మెంటు ఠాణా పరిధి కాదు, అవతలి ఠాణా. త్యాగి అప్పుడు అక్కడ రైటరు. ఆడ, వయసు ఇరవై నుంచి ఇరవై రెండు, బండి గుద్దిన గాయాలు, చనిపోయి గంటకు పైన. విధవ.

"విధవ అని ఎట్లా తేల్చారు?"

"తేల్చేదేముంది సాహబ్? ఒంటి మీద తెల్లచీర. పాపిట్లో సిందూరం లేదు. మెళ్లో మంగళసూత్రం లేదు, కాళ్లకు మెట్టెల్లేవు. చేతులకు గాజుల్లేవు, మణికట్టు మీద గాజు గీరుకున్న గాట్లు. మొగుడు పోతే పగలగొడతారు కదా."

"చెవులకు?"

"జుంకాలు. బంగారువే. సీలు వేసి ఠాణా మాల్‌ఖానాలో జమ చేశాను. నా మీద మచ్చ లేదు."

శేషగిరి రెండో పేజీ తిప్పాడు. నాలుగు లైన్లు చదివి, మళ్లీ మొదటికి వచ్చి చదివాడు. కాగితాన్ని టీపాయి మీద పెట్టాడు.

మెడ, పాదాలు పచ్చగా ఉన్నవి, కామెర్ల అనుమానం. పాదాల అంచున ఎర్రటి గీత. ఎడమ చెంప మీద కాటుక చుక్క. జుట్టులో పచ్చరంగు బియ్యపు గింజలు. నడినెత్తిన నల్లటి జిగురు పదార్థం, అందులో సన్నని గింజలు, నెత్తురు కాదు.

"ఇప్పుడు నమ్ముతారా?" త్యాగి గొంతు మళ్లీ కథలోకి దిగింది. "తంత్రం చేసే ఆడది. నెత్తిన ఆ మసి చూసి మా థానేదారు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ సాయంత్రానికే పోలీసు లైన్లలో అందరికీ తెలిసిపోయింది. మర్నాడు పాలవాడు, లారీవాడు మేమూ చూశామన్నారు. అప్పట్నుంచే సాహబ్, ఆ రోడ్డుకి ఆ పేరు."

"త్యాగీజీ," అన్నాడు శేషగిరి. "అది మసి కాదు. జీలకర్రా బెల్లమూ కలిపి నూరిన ముద్ద. ముహూర్తం వేళకు మా వైపు పెళ్లికొడుకు పెళ్లికూతురి నెత్తిన పెడతాడు. బియ్యం తలంబ్రాలు. కామెర్లన్నారే, అది పసుపు. కాళ్లకు పారాణి. చెంప మీద చుక్క దిష్టి తగలకుండా పెట్టింది. మా పెళ్లికూతుళ్లు ఎర్రచీర కట్టరు. ఎర్రంచు తెల్లచీర కడతారు. మధుపర్కం అంటాం. పాపిట్లో సిందూరం దిద్దే అలవాటు మాకు లేదు. గాజులు బండి గుద్దినప్పుడు పగిలాయి."

"ఎర్రగా ఉన్నదంతా నెత్తురని రాశాను."

"అంచు కూడా రాసేశారు."

"అంటే ఆ పిల్ల... దుల్హనా?"

"రెండు గంటల పెళ్లికూతురు."

శేషగిరికి పోయిన భార్య భానుమతి గుర్తొచ్చింది. పీటల మీద ఆమె నెత్తిన తను పెట్టిన ముద్ద ఎండి రాలకపోతే, రెండు రోజులు కుంకుడుకాయలతో రుద్దుకుంటూ తనని తిట్టింది. ఆ గేటు దగ్గర ఆ ఉదయం ఉన్న ఒకే ఒక్క తెలుగువాడు తను. టీ గ్లాసు పక్కన పెట్టి ఆరువందల మీటర్లు నడిచి ఉంటే, దూరం నుంచే ఆ చీర పోల్చుకునేవాడు. ఆ పిల్ల చదివింది మంత్రాలు కావు. ఢిల్లీకి రెండు రోజుల కిందట వచ్చిన పిల్ల, హిందీ ముక్క రానిది, మొగుడు కాలవలో పడ్డాడని తెలుగులో మొత్తుకుంది. మూడు బళ్లవాళ్లు చూసింది దయ్యాన్ని కాదు. ప్రాణంతో ఉన్న మనిషిని.

త్యాగి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. "మూడు రోజులు ఉంచాం సాహబ్. ఎవరూ రాలేదు. లావారిస్ కింద, దిక్కులేని శవమని కాల్చేశాం. నేనే సంతకం పెట్టాను."

"ఆ పిల్ల ఇంటివాళ్లు వచ్చారు. మూడో రోజు కంటోన్మెంటు ఠాణాకి. కొత్త పెళ్లికూతురు, మెళ్లో సూత్రం, కాళ్లకు మెట్టెలు అని రాయించారు. మీ దగ్గరున్నది విధవ. రెండు కాగితాలూ ఎదురెదురు పడినా ఒకదాన్నొకటి పలకరించుకోలేవు."

త్యాగి కార్బన్ కాపీ తీసుకెళ్లమని సైగ చేశాడు. గుమ్మం దాకా వచ్చి, "ఇంకెవరికీ ఆ కథ చెప్పను," అన్నాడు.

మెట్ల మీదే నిలబడి శేషగిరి హరితకు ఫోన్ చేశాడు. సాయంత్రం దాకా ఆగి ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన సంగతి. కానీ ఆ కాగితం జేబులో పెట్టుకుని గంటన్నర ప్రయాణం చేసే ఓపిక అతనికి లేకపోయింది. మొదట్నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. పసుపు, పారాణి, తలంబ్రాలు, చెవులకు బంగారం ఉండటం, సూత్రం, మెట్టెలు లేకపోవడం, ఏదీ వదల్లేదు.

అవతలి నుంచి ఏడుపు వినిపించింది.

"అక్క పోలేదు కదా అంకుల్? ఎవరితోనూ పోలేదు కదా?"

"పోలేదమ్మా. మొగుణ్ణి బతికించుకుందామని రోడ్డు మీద నిలబడింది. అదే మీ అక్క చేసిన తప్పు."

"అమ్మకి చెప్పనా? హాస్పిటల్ కిందే ఉన్నాను."

"ఇప్పుడే వద్దు. ఇంకా చూడాల్సింది ఉంది. నేనొచ్చాక చెబుదాం."

"ఠీక్ హై అంకుల్," అంది హరిత. ఆ మాటలో అంత బలం లేదు. శేషగిరి అది పట్టించుకోనంత అలసిపోయి ఉన్నాడు.

ఒంటిగంటా ఇరవైకి లింకు రోడ్డు చేరాడు. ఆటో దిగి గేటు దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ కల్వర్టు దాకా నడిచాడు. ఆరువందల పది మీటర్లు. కల్వర్టు కింద కాలవ ఇప్పటికీ పారుతోంది, దిగడానికి గట్టు నిటారుగా ఉంది. పైన రోడ్డు మీద వెళ్లేవాడికి కింద పడ్డ మనిషి గానీ, స్కూటరు గానీ పట్టపగలే కనిపించవు. పొగమంచులో సరేసరి. ఆపిన బండివాడికి మాత్రం హరిప్రియ చూపించగలిగేది.

అక్కడి నుంచి శవం దొరికిన చోటు ఎక్కడ? ఫోన్‌లో మ్యాపు తీశాడు. పక్కరోడ్డులోకి తిరిగి, లెవెల్ క్రాసింగ్ దాటి, ఒకటిన్నర కిలోమీటరు. మొగుణ్ణి కాలవలో వదిలి, దారి తెలియని పిల్ల అంత దూరం నడిచి పట్టాలు దాటుతుందా? ససేమిరా. ఇక్కడే ఎక్కడో గుద్ది, బండిలో వేసుకుని అవతలి ఠాణా హద్దులో పడేశారు. ఠాణా హద్దు ఎక్కడుందో తెలిసినవాడు. ఈ దారిలో రోజూ తిరిగేవాడు.

వెనక కారు ఆగిన చప్పుడైంది.

"నమస్తే సార్. ఈ వయసులో ఎండలో కొలతలు అవసరమా?"

ఫణికుమార్. ఒకప్పుడు శేషగిరి కిందే లాన్స్ నాయక్‌గా చేసి, బయటికొచ్చి గురుగ్రామ్‌లో పన్నెండుమంది స్టాఫ్‌తో ఏజెన్సీ పెట్టిన మనిషి. చొక్కా ఇస్త్రీ నలగలేదు. అతన్ని చూస్తే శేషగిరికి కోపం కంటే ముందు నీరసం వస్తుంది.

"నన్ను వెంబడించడానికి నిన్నెవరు పెట్టారు ఫణీ?"

"వెంబడించడం ఏంటి సార్, మంచి చెబుదామని వచ్చాను. ఈ హరిప్రియ కేసు వదిలెయ్యండి. ఆ కుటుంబానికి కావాల్సిన మనిషే నన్ను పంపించారు. ముసలావిడకి ఆపరేషన్. ఎప్పుడో లేచిపోయిన పిల్లని ఇప్పుడు తవ్వి తీసి ఆవిణ్ణి చంపుతారా?"

"లేచిపోయిందని నువ్వు చూశావా?"

"సబూత్ ఉంది." ఫణి కారులోంచి ఒక జిరాక్సు తీసి బానెట్ మీద పరిచాడు. "ఆ పిల్ల సొంత ఉత్తరం. నాగపూర్‌లో పోస్టు చేసింది. నాకిష్టమైనవాడితో వెళ్లిపోతున్నాను, నా కోసం వెతకొద్దు. సంతకం హరిప్రియ. అచ్ఛా, ఇప్పుడేమంటారు?"

శేషగిరి ఉత్తరం చదివాడు. తెలుగు గుండ్రంగా, జాగ్రత్తగా రాసి ఉంది. పై మూలన తేదీ.

"ఫిబ్రవరి పదిహేను," అన్నాడు.

"అవును. పోయిన మూడో రోజు."

శేషగిరి జేబులోంచి కార్బన్ కాపీ తీసి ఉత్తరం పక్కన పరిచాడు. "ఇది చదువు. తొందర లేదు."

ఫణి చదివాడు. పసుపు దగ్గర ఒకసారి, జిగురు పదార్థం దగ్గర ఒకసారి ఆగాడు. అతనూ పెళ్లి చేసుకున్నవాడే. ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"పన్నెండున చచ్చిపోయిన మనిషి పదిహేనున ఉత్తరం రాసిందా ఫణీ?"

"ఎవరో... పరువు కోసం రాసి ఉంటారు సార్. ఇంటివాళ్లు ఎవరో."

"పరువు కోసం రాసేవాడికి ఒక భయం ఉంటుంది. ఆ పిల్ల రేపు ఇంటికొస్తే? నేను ఎవరితోనూ పోలేదంటే? ఈ ఉత్తరం రాసినవాడికి ఆ భయం లేదు. ఇక రాదని వాడికి తెలుసు. ఇది నీకెవరిచ్చారు?"

"క్లయింటు పేరు చెప్పను సార్. మీరే నేర్పించారు."

"చెప్పొద్దు. ఇంకొకటి అడుగుతా, దానికి జవాబు చెప్పు. శవం మీద దొంగ పడ్డాడనుకో. చెవులకు తులం బంగారం వదిలేసి, పసుపుతాడుకున్న సూత్రాలు, వెండి మెట్టెలు తీసుకుపోతాడా?"

ఫణి తల అడ్డంగా ఊపాడు.

"పోనీ ఇక్కడివాడెవడో గుద్దాడనుకో. గుర్తుపట్టకుండా చెయ్యాలంటే చీర మారుస్తాడు, మొహం చెడగొడతాడు. సూత్రం తెంపి, వంగి కూర్చుని, రెండు కాళ్ల వేళ్లకున్న మెట్టెలు ఒక్కొక్కటే ఊడదియ్యాలని ఎవడికి తోస్తుంది? ఆ రెండూ తీసేస్తే ఈ తెల్లచీర ఇక్కడి పోలీసు కళ్లకు విధవగా కనబడుతుందని తెలిసినవాడికి. మన ఆచారమూ తెలిసి, ఇక్కడివాళ్ల ఆచారమూ తెలిసినవాడికి. అంటే ఏళ్ల తరబడి ఢిల్లీలో ఉన్న తెలుగువాడికి."

అంటూనే శేషగిరి ఆగిపోయాడు. పాకెట్ బుక్‌లో నాలుగో మాట కళ్ల ముందుకొచ్చింది. ఆరూ ఇరవై అయిదు. వ్యాను డ్రైవరు. కల్వర్టు దగ్గర ఒక మనిషి పడి ఉన్నాడు.

సాయినాథ్ పెద్దవాళ్లను క్వార్టర్ల దగ్గర దింపి, కొత్త జంట రాలేదని అయిదూ ముప్పై అయిదుకు వెతకడానికి వెనక్కి బయల్దేరాడు. గృహప్రవేశానికి వేళ మించుతోందని చేతిగడియారం చూసుకుంటున్న తండ్రి చెప్పిన సమయం అది, ఫిర్యాదులో ఉంది. కల్వర్టు సంగతి గేటులో చెప్పింది సాయినాథేనని కూడా అందులోనే ఉంది. క్వార్టర్ల నుంచి గేటు మూడు కిలోమీటర్లు. ఎంత పొగమంచైనా పావుగంట. అతనికి యాభై నిమిషాలు పట్టింది. అదొక్కటే అయితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ వెతకడానికి వచ్చింది ఇద్దర్ని. దొరికింది ఒక్కణ్ణి. గేటు దగ్గర యూనిఫారంలో తను నిలబడి ఉంటే, 'అయ్యా, మా పిల్ల ఇటు వచ్చిందా?' అని అతను ఒక్కమాట అడగలేదు. మేనకోడలు కనిపించని మేనమామ అడగాల్సిన మొదటి మాట అది. ఎక్కడుందో తెలిసినవాడే అడగడు.

ఆ పిల్ల మూడు బళ్ల వెంట పరిగెత్తింది. నాలుగో బండి మేనమామ వ్యాను. దాని లైట్లు గుర్తుపట్టి, ఇక బతికామనుకుని ఎదురెళ్లి ఉంటుంది. పొగమంచులో అతనికి కనిపించేసరికే ఆలస్యం అయ్యుంటుంది. ఆఫీసు వ్యాను, అనుమతి లేకుండా పెళ్లికి తెచ్చినది. సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది. అంతకు రెండు గంటల ముందు ఆ పిల్లని బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి మోసుకొచ్చింది కూడా అతనే. కావాలని చంపినవాడైతే కోపం తెచ్చుకోవడానికి వీలుండేది.

"నీ క్లయింటు సాయినాథ్," అన్నాడు.

ఫణి కాదనలేదు. జిరాక్సును మడవబోయి, మడవకుండా శేషగిరి వైపు తోశాడు. "పెద్దాయన సార్. ఆ ఇంటికి ఆయనే దిక్కు. తండ్రి పోయాక హరితని చదివించింది, పెళ్లి చేసింది ఆయనే. పరువు పోతుందని ఏడ్చాడు నా దగ్గర. నిజంగానే ఏడ్చాడు."

"ఏడ్చే ఉంటాడు. ఇప్పుడెక్కడున్నాడు?"

"హాస్పిటల్లో. అక్కగారి దగ్గర అటెండెంటుగా రాత్రీ పగలూ ఆయనే ఉంటున్నాడు."

శేషగిరి ఫోన్ తీశాడు. రెండూ అయిదు. ఘాజియాబాద్ మెట్ల మీద తను హరితకు ఏమేం చదివి వినిపించాడో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. చెవుల బంగారం ఉండటం. మెట్టెలు లేకపోవడం. తనకు రెండు గంటల తర్వాత తట్టినది, కన్నతల్లికి తట్టడానికి ఎంతసేపు పడుతుంది? ఆలోచించకుండా అంతా వాగేశాడు. ముప్పై రెండేళ్ల కిందట గేటు దగ్గర నోరు మూసుకుని కూర్చున్నందుకు, ఇవాళ నోరు తెరిచి చేసిన తప్పు ఇది.

హరిత మొదటి రింగుకే ఎత్తింది. ఊపిరి ఎగపోస్తోంది.

"సారీ అంకుల్. ఆగలేకపోయాను. అమ్మకి చెప్పేశాను."

"మీ మామయ్య అక్కడున్నారా?"

"పక్కనే ఉన్నారు. అంకుల్, మొదట అమ్మ బాగానే ఏడ్చింది. నా బంగారుతల్లి అని, ముప్పై రెండేళ్లు తిట్టుకున్నానే అని. మామయ్యా ఏడ్చారు. తర్వాత అమ్మ నన్ను మళ్లీ చదవమంది, మీరు చెప్పినవన్నీ. నేను రాసుకున్నాను కదా, చదివాను. చెవులకు ఉన్నాయి, మెట్టెలు లేవు, సూత్రం లేదు అని. అంతే. అమ్మ ఏడుపు ఆపేసింది."

"హరితమ్మా, నువ్వు నర్సును పిలిచి..."

"పిలిచాను. ఆవిడ వల్ల కావట్లేదు. అమ్మ మామయ్య చెయ్యి పట్టుకుంది, వదలట్లేదు. సెలైన్ సూది ఊడిపోయి నెత్తురు కారుతున్నా వదలట్లేదు. ఏదో అడుగుతోంది అంకుల్, ఒకటే మాట అడుగుతోంది. నాకేం అర్థం కావట్లేదు."

ఫోన్ అవతల ఏదో మెషిన్ కూత పెడుతోంది. దాని వెనక హరిత తల్లి కోటమ్మ గొంతు వినిపించింది. అరవడం లేదు. ఇంట్లో కనబడని వస్తువు గురించి తమ్ముణ్ణి అడిగినట్టు అడుగుతోంది.

"ఎక్కడ పెట్టావురా సాయీ? పిల్ల మెట్టెలు ఎక్కడ పెట్టావు?"

"అమ్మా, ఏంటమ్మా? మామయ్యని అడుగుతావేంటి?" హరిత ఏడుస్తోంది. "అంకుల్, మామయ్య ఎందుకు కింద కూర్చుండిపోయారు?"

శేషగిరికి జవాబు తెలుసు. ఎదురుగా ఫణికుమార్ అతని మొహం చూసి కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

కోటమ్మ మళ్లీ అడిగింది. ఈసారి ఒక ముసలి మగగొంతు, చిన్నపిల్లవాడు తప్పు ఒప్పుకున్నంత సన్నగా వినిపించింది.

"కాలవలో వేసేశానక్కా."